వల లేని గది

వీరదుర్గ మేకపిల్లకు మందు కోసమని వెళ్ళి చిలకను తెచ్చుకుంది.

అది 2003 ఏప్రిల్ నెల. చేపల వేట నిషేధం మొదలై నాలుగు రోజులైంది. మొగల్తూరుకు అవతల, సముద్రపు ఒడ్డునే ఉన్న పల్లెపాలెంలో పడవలన్నీ ఇసుక మీదికి చేరాయి. మగవాళ్ళు పేకముక్కల దగ్గరికి చేరితే, చిరిగిన వలలు బాగుచేసేవాళ్ళ చేతుల్లోకి చేరాయి. వీరదుర్గకు ఏడాది మొత్తంలో ఊపిరాడని రోజులు అవే. అయినా మేకపిల్ల రెండు రోజులుగా మేత ముట్టకపోవడంతో, దాన్ని చంకనెత్తుకుని మొగల్తూరు పశువుల ఆసుపత్రికి నడిచింది.

ఆసుపత్రి వసారాలో ఒక చెక్కపెట్టె మీద తుప్పు పట్టిన పంజరం ఉంది. అందులో రామచిలక ఒకటి గోడకు వీపు ఆనించి కూర్చుంది. మెడ చుట్టూ ఉండవలసిన ఎర్రగీత వెలిసి ఇటుకపొడి రంగుకు వచ్చింది. కుడి రెక్క ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. రొమ్ము మీది ఈకలు తనకు తానే పీక్కున్నట్టుంది, బూడిదరంగు చర్మం బయటపడింది.

"దీనికేం రోగమండీ?" అని అడిగింది వీరదుర్గ.

పశువుల డాక్టరు అప్పాజీ గారు మేకపిల్ల నోట్లో మందు పోస్తూనే జవాబిచ్చారు. "రోగం కాదమ్మా, వయసు. పదిహేనేళ్ళు దాటుంటాయి. సంతలో పక్షులమ్మేవాడి దగ్గర అటవీ శాఖవాళ్ళు పట్టుకున్నారు. కుర్రచిలకల్ని వదిలేస్తే ఎగిరిపోయాయి. ఇది ఎగరలేదుగదా, తెచ్చి నా నెత్తిన పెట్టారు. చీకటి పడితే కుక్కలు దీని చుట్టూనే తిరుగుతున్నాయి."

"నేను తీసుకెళ్తానండి."

అప్పాజీ గారు చెయ్యాపి ఆమెను పరకాయించి చూశారు. "పెంచుకోడానికి చట్టం ఒప్పుకోదు, వీరదుర్గా. సంరక్షణకి ఇచ్చామని వాళ్ళచేత రాయిస్తాను. నిషేధం ఎత్తేసేముందు నేనే వచ్చి చూస్తాను. అప్పటికి తిండి తింటూ, నీ దగ్గర బెదురు లేకుండా ఉంటే నీ ఇంట్లోనే ఉంటుంది. లేదంటే విశాఖపట్నం జూకి పంపాలి. ఈ వయసులో అంత ప్రయాణం... ప్రాణాలతో చేరుతుందని నాకైతే నమ్మకం లేదు."

"ఆయ్, తింటాదండి. నా చేతి ముద్ద వద్దన్న జీవి ఇంతవరకూ లేదు."

ఆ మాటలో గొప్పలు లేవు. మేకలు, కోళ్ళు, వానాకాలంలో గుమ్మంలోకి కొట్టుకొచ్చే తాబేళ్ళు, అన్నీ ఆమె చేతి తిండి తిన్నవే. మనుషులతోనే ఆమెకు పొసగలేదు. అప్పటికి ఆమె వయసు యాభై మూడు. ఎనిమిదో ఏట తండ్రి ఆమె చేతికి దారం చుట్టిన వెదురు సూదిని ఇచ్చాడు. ఆ తర్వాత ఆ చెయ్యి ఖాళీగా ఉన్నది పెళ్ళినాడు, పురిటి రోజుల్లో, భర్త పల్లంరాజు కామెర్లతో పోయినప్పటి పదకొండు రోజుల్లో మాత్రమే. ఆమె వేసిన ముడి జారదని చుట్టుపక్కల పాలేలన్నిటిలోనూ పేరు. ఆమె నోటికీ అంతే పేరుంది. ఉప్పాడలో కాపురమున్న కూతురు ఏడాదికోసారి వస్తుంది. నాలుగోనాటికి మాటా మాటా పెరిగి, మూట సర్దుకుని బస్సెక్కేస్తుంది.

పాలెంలో వలలు బాగుచేసుకునే చోటు ఒడ్డున ఉన్న వలల పాక. తాటాకు కప్పు, రెండు వరసల రాటలు, నడుమ సముద్రపు గాలి. పదిమంది ఆడవాళ్ళు అక్కడ చేరితే పనీ జరుగుతుంది, ఊసులూ జరుగుతాయి. ఐదేళ్ళుగా వీరదుర్గ ఆ నీడన కాలు పెట్టలేదు. కారణం తోటికోడలు సత్యకుమారి. పల్లంరాజు పోయిన తర్వాత అన్నదమ్ముల వాటాలు తేల్చిన రోజున పెద్దవల దగ్గర పేచీ వచ్చింది. అది వీరదుర్గ మూడేళ్ళపాటు తన చేత్తో అల్లిన వల. ఎవరికీ వదులుకోవాలని లేని వలను నడిమికి కోసి చెరిసగం ఇవ్వడం పాలెంలో పద్ధతి. కోసేటప్పుడు ఇరువైపులవాళ్ళూ చెరో కొసా పట్టుకోవాలి. మరిదికి ఆ రోజు జ్వరం. అతని బదులు సత్యకుమారి పట్టుకుంది. "అది పట్టుకోకపోతే కత్తి ఆగేది" అన్నది వీరదుర్గ వాదన. "నేను కాకపోతే ఇంకొకరు పట్టుకునేవారు" అన్నది సత్యకుమారి జవాబు. ఇక ఆ పాకలో కూర్చుంటే ఒట్టేనని వీరదుర్గ పదిమందిలో అనేసింది. నాటినుంచి ఆమె దగ్గరికి వచ్చే వలలు ఇంటికే వస్తున్నాయి. ఉన్నది ఒంటిగది ఇల్లు. దూలానికి వలను వేలాడదీసి, దాని కింద పీట వేసుకుని కూర్చుంటుంది.

ఆ దూలానికి ఎదురుగా, గాలి తగిలే కిటికీ పక్కన, చిలక పంజరాన్ని పెట్టింది.

మొదటి రోజు చిలక గోడకు వీపు ఆనించే ఉంది. నానబెట్టిన శనగలు పెట్టింది. ముట్టలేదు. పచ్చిమిరపకాయ, దోరజామకాయ ముక్క, లేత మొక్కజొన్న గింజలు ఒకదాని తర్వాత ఒకటి పంజరంలోకి వెళ్ళి, వాడిపోయి బయటికి వచ్చాయి. వీరదుర్గ పీట మీద కూర్చుని పనికి దిగగానే చిలక పంజరం చువ్వలకు ఎగబాకి కీచుమని అరిచేది. ఆ అరుపు పాత ఇనుప గడియ లాగినట్టుండేది. వంకర రెక్కను చువ్వలకేసి కొట్టుకుని, అడుక్కి పడి, మూలకు నక్కేది. నోరు తెరిచి రొప్పేది.

పక్కింటి పెద్దింట్లమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. "ఏం వదినా, కసరడానికి మనుషులు మిగల్లేదని పక్షిని తెచ్చుకున్నావా? దాన్నయినా బతకనియ్యి."

"పాతికేళ్ళుగా నా పక్కింట్లో నువ్వు బతకట్లేదా? అదీ బతుకుతాది" అంది వీరదుర్గ.

అన్నదే గాని, ఆమెకు లోపల దిగులు పట్టుకుంది. చదువు రాని వీరదుర్గకు లెక్క పెట్టుకోవడం ఒక్క దారంతోనే వచ్చు. ఒక పొడవాటి నైలాను దారాన్ని కిటికీ చువ్వకు కట్టింది. చిలక ఏమైనా తిన్న రోజున గట్టి ముడి, తినని రోజున ఉత్త మెలిక. ఐదు రోజులు వరసగా మెలికలే పడ్డాయి. ఆరోనాడు పని మీద నరసాపురం వెళ్ళి పొద్దుగూకేటప్పటికి తిరిగివచ్చి చూస్తే పంజరం అడుగున శనగపొట్టు ఉంది. సంతోషించి ముడి వేసింది. ఆ మర్నాటి నుంచి మళ్ళీ మెలికలు.

ఆమెకు అర్థమైంది ఒకటే. తను లేనప్పుడు తింది, ఉన్నప్పుడు తినడం లేదు. అంటే దాని భయం తనను చూసే.

ఆ ఆలోచన ఆమెకు మింగుడు పడలేదు. రంగు నచ్చలేదేమోనని ఎర్రచీర మాని తెల్లచీర కట్టింది. చప్పుడు గిట్టలేదేమోనని గాజులు మోచేతికి ఎగదోసుకుంది. పంజరానికి వీపు పెట్టి పని చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. అది ఆమెకు వలంతా విప్పి మళ్ళీ అల్లినంత కష్టమైంది. పెద్దింట్లమ్మ మామగారు పోయిన రోజున పాలెమంతా పని మానితే వీరదుర్గ కూడా మానింది, రోజంతా చావింట్లో ఉండి వచ్చింది. ఆ రోజు చిలక జామకాయ ముక్క తింది. చూశావా, నేను గడప దాటితే చాలు దీనికి, అనుకుంటూ ముడి వేసింది.

పదమూడో రోజుకు చిలక రొమ్ము ఎముక పడవ అడుగు దూలంలా పైకి తేలింది. నిషేధం ముగియడానికి నెల రోజులు కూడా లేదు. డాక్టరుగారు వస్తే ఏం చూపించాలి? విశాఖపట్నం వరకూ వానులో, ఆ ఎండలో, ఆ ఒళ్ళుతో. నేను తెచ్చుకోకపోతే కుక్కలు ఒక్క రాత్రిలో తేల్చేసేవి. తెచ్చుకుని నేను నెలపాటు చంపుతున్నాను, అనుకుంది.

ఆ వారమే ఆమెకు జ్వరం తగిలింది. బాగుచేస్తున్న వల తాలూకు పడవ ఆసామి సత్తిరాజు, పని ఆగిపోతుందని తొందరపడి, సగం పనిలోనే వలను విప్పుకుపోయాడు. వీరదుర్గ పంజరానికి రెండడుగుల దూరంలో మంచం మీద పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది, మూలుగుతోంది, దగ్గుతోంది. చెంబు చెయ్యిజారి దొర్లింది కూడా. ఆ చప్పుళ్ళన్నిటి నడుమ చిలక కిందికి దిగి, మిరపకాయను కాలితో పట్టుకుని, గింజలు ఒక్కొక్కటే ఏరుకుని తింది. మూడు రోజులూ తింది. పాపం, జబ్బు మనిషినని జాలిపడిందేమో అనుకుంది వీరదుర్గ. మూడు ముడులు వేసింది.

నాలుగోనాడు లేచి, మరో పడవవాళ్ళు తెచ్చిన వలను దూలానికి ఎత్తి కట్టింది. ఇంకా పీట మీద కూర్చోనైనా లేదు. చిలక ఒక్క అరుపు అరిచి చువ్వలకేసి కొట్టుకుంది.

వీరదుర్గ కిటికీ దగ్గరికి వెళ్ళి దారాన్ని చేతిలోకి తీసుకుంది. ముడులను, మెలికలను వేళ్ళతో తడుముతూ వెనక్కి లెక్కపెట్టుకుంది. జ్వరం రోజులు మూడు ముడులు. అప్పుడు తను ఇంట్లోనే ఉంది, అంతకుముందెన్నడూ లేనంత దగ్గరగా ఉంది. చావు రోజు ముడి. అప్పుడు తను లేదు. నరసాపురం రోజు ముడి. అప్పుడూ లేదు. తను ఉన్నా తింది, లేకపోయినా తింది. మరి ఏది లేనప్పుడు తింది? చావు జరిగితే పాలెంలో వలలు దింపి చుట్టేస్తారు. నరసాపురం వెళ్ళేముందు రోజు సాయంత్రమే ఒక వల అప్పజెప్పింది, రెండోది ఇంకా రాలేదు. జ్వరంలో సత్తిరాజు వల తీసుకుపోయాడు.

ఆమె తలెత్తి దూలం మీంచి గదంతా పరుచుకున్న వలను చూసింది. తర్వాత వంగి చిలక కాలును చూసింది. ఇన్నాళ్ళూ వయసు మడత అనుకున్నది మడత కాదు. ఎడమకాలి మడమ పైన చుట్టూ సన్నటి గాడి ఉంది. సన్న నైలాను దారం బిగిసి, లాగిన కొద్దీ కోసుకుపోతే పడే గాడి అది. అలాంటిదే ఆమె ఎడమచేతి చూపుడువేలికీ ఉంది, నలభై అయిదేళ్ళ పని పెట్టిన గుర్తు. రెక్క ఎలా విరిగిందో డాక్టరుగారికి తెలియకపోవచ్చు. వీరదుర్గకు ఇప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

వల అంటే భయపడే ప్రాణి ఉంటుందన్న ఊహే ఆమెకు ఎన్నడూ రాలేదు. వల అంటే అన్నం. పుట్టిన బిడ్డను పాలెంలో పాతవల ముక్కతో కట్టిన ఉయ్యాలలోనే వేస్తారు. వలలో పడేది చేప, చేప అరవదు. ఇన్నేళ్ళలో ఒక్క చేప కూడా ఆమెతో ఆ సంగతి చెప్పలేదు.

ఒట్టు గుర్తుంది గనుక ముందు పాకదాకా వెళ్ళకుండా జరిగే దారులు వెతికింది. పంజరం మీద దుప్పటి కప్పింది. చీకట్లో చిలక ముడుచుకుని కూర్చుంది తప్ప తినలేదు. వలను బయటి చూరుకు కట్టింది. రాటలు లేని చోట గాలి వలను ఎగరేసి కిటికీకేసి కొట్టింది. గాలి తగ్గిన పూట పని చేసుకుని లోపలికి వస్తే, చీర కుచ్చిళ్ళకు అంటుకున్న దారప్పోగులను చూసి చిలక మళ్ళీ మూలకు నక్కింది. ఒక పోగు ఉన్నా చాలు, దాని కళ్ళు అక్కడే ఆగేవి.

మర్నాడు ఉదయం వీరదుర్గ వలను నెత్తికెత్తుకుని ఒడ్డుకు నడిచింది. పాకలోకి వచ్చి చోటు కోసం చూసింది. ఖాళీగా ఉన్న రాటలు సత్యకుమారి పక్కనే ఉన్నాయి.

"దారి తప్పావా అక్కా?" అంది సత్యకుమారి, చేతిలో పని ఆపకుండానే.

"వల కట్టుకోడానికి చోటు కావాలి."

"ఇల్లేమైంది?"

"ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవట్లేదు."

"ఇంట్లోవాళ్ళా?" సత్యకుమారి తల ఎత్తింది. "ఓహో, చిలకగారా! పదిమందిలో వేసిన ఒట్టు పక్షి కోసం తీసి గట్టున పెట్టావన్నమాట. ఐదేళ్ళుగా మనుషుల మీద లేని జాలి దాని మీద పుట్టిందేం?"

పాకలో ఎవరో కిసుక్కున నవ్వారు. వీరదుర్గ నోట్లోకి మాట వచ్చింది, గట్టి మాటే వచ్చింది. ఆమె దాన్ని లోపలే ఉంచుకుంది. "అది తిండి మానేసిందే. వలను చూసి జడుసుకుంటోంది. నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు" అంది.

సత్యకుమారి చేతిలో సూది పక్కన పెట్టింది. తర్వాత లేచి, వల రెండో కొస అందుకుని రాటకు కట్టింది. కట్టాక చేతులు దులుపుకుంటూ, "ఆ వల కోసిన రోజు నాకూ చేతులాడలేదక్కా" అంది. వీరదుర్గ వల ముందు కూర్చుంది. సూదికి దారం చుట్టుకుంది. ఐదేళ్ళ కోపం ఒక్క మాటకు తీరేది కాదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ ఆమె చీర దులుపుకుని, కుచ్చిళ్ళలో పోగులు ఏరుకుని, ఒక్క క్షణం తటపటాయించి సత్యకుమారికి వీపు చూపించింది. "వెనకేమైనా అంటుకున్నాయేమో చూడవే. నాకు కనపడవు."

సత్యకుమారి జడలోంచి ఒకటి, జాకెట్టు మీంచి రెండు పోగులు తీసింది. ఆ తర్వాత అది రోజూ జరిగే పని అయింది.

వల లేని గదిలో చిలక మొదటి నాలుగు రోజులూ మూలను వదల్లేదు. దూలం వైపు చూసేది, చూసి మళ్ళీ చూసేది. ఐదోనాడు వీరదుర్గ కూర తరుగుతూ ఉండగా కిందికి దిగి శనగలు తింది. వారం తిరిగేసరికి, ఆమె తలుపు తీయగానే చిలక ముసలాయన దగ్గు ఒకటి దగ్గి, "ఎవరదీ?" అని గద్దించింది. ఎవరింటి ముసలాయనో, ఎన్నేళ్ళు ఆ గుమ్మం కాచాడో, ఆయన గొంతు మాత్రం చిలకలో మిగిలింది. వీరదుర్గ మొదట ఉలిక్కిపడి, "నా ఇంట్లో నన్నే అడుగుతావా?" అని కోప్పడబోయి, నవ్వేసింది. "నేనేనయ్యా, వీరదుర్గని" అంది. అది రోజూ అడిగేది, ఈమె రోజూ చెప్పేది.

వీరదుర్గ ఒక్కసారి తొందరపడింది. పంజరం తలుపు తీసి ఉంచిన మూడోరోజున, చిలక బయటి చువ్వ మీద కూర్చుని ఉంటే, వీపు నిమరాలని చెయ్యి చాపింది. అది వేలును ఎముక తగిలేదాకా కొరికి, లోపలికి పోయి, మళ్ళీ మూడు రోజులు బయటికి రాలేదు. వేలికి పసుపు అద్దుకుంటూ, "తప్పు నాదేలే" అంది వీరదుర్గ. ఎవరితోనైనా ఆ మాట అనడం ఆమెకు అలవాటు లేదు. ఆ తర్వాత చెయ్యి చాపలేదు. తిండిగిన్నె పెట్టి, తన పని తను చూసుకునేది.

మే నెలాఖరున, నిషేధం ముగియడానికి రెండు రోజుల ముందు, సాయంత్రం ఎండ దిగుతుండగా అప్పాజీ గారు వచ్చారు. చేతిలో గాలిరంధ్రాలు పెట్టిన అట్టపెట్టె ఉంది. అది దేనికో వీరదుర్గ అడగలేదు.

"తింటోందా?"

"తింటోందండి." పొట్టు చూపించింది. ఆయన చిలక రొమ్మును దూరం నుంచే పరీక్షగా చూశారు. ఎముక ఇంకా కనబడుతోంది గాని మునుపటంత లేదు. బోసిచర్మం మీద ముళ్ళలాగా కొత్త ఈకలు పొడుచుకొస్తున్నాయి.

"చేతి మీదికి వస్తుందా?"

"రాదండి."

"ముట్టుకోనిస్తుందా?"

వీరదుర్గ వేలు చూపించింది. గాటు ఇంకా మానలేదు.

అప్పాజీ గారు పెదవి విరిచారు. "మరి బెదురు పోయిందని ఎలా రాయమంటావమ్మా? నేను అటవీ శాఖవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి."

"కాసేపు కూర్చోండి" అంది వీరదుర్గ. పీట వాల్చి, తను పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కొత్త మనిషిని చూసి చిలక మొదట పంజరం పైకెక్కి నిటారుగా నిలబడింది. ఆయన కదలకపోవడంతో కాసేపటికి పక్కకు జరిగి జరిగి, పొయ్యి వైపున్న చివరకు వచ్చింది. అక్కడ వీరదుర్గకు వీపు పెట్టి, డాక్టరుకు ఎదురుగా తిరిగి కూర్చుంది. ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుంది. అప్పాజీ గారిని ఒకసారి ఓరగా చూసి, మెడను పూర్తిగా వెనక్కి తిప్పి, ముక్కును వీపు ఈకల్లో దాచుకుని కళ్ళు మూసుకుంది.

ఆసుపత్రి వసారాలో ఉన్న పద్దెనిమిది రోజుల్లో ఆయన దాని వీపు ఎప్పుడూ గోడకేసి ఉండగానే చూశారు, మనిషి వైపు పెట్టి నిద్రపోవడం చూడలేదు.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు, గొంతు బాగా తగ్గించి.

"నాలుగైదు రోజులైందండి. నేను వంట మొదలెడితే పడుకుంటాది."

ఆయన అట్టపెట్టెను మడిచి చంకలో పెట్టుకున్నారు. సంరక్షణ కాగితం బయట అరుగు మీదే పరిచి, వీరదుర్గ వేలిముద్ర అక్కడే వేయించుకున్నారు. సైకిలును స్టాండు మీంచి దించేటప్పుడు కూడా చప్పుడు కాకుండా పట్టుకుని, వీధి మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్ళారు.

వీరదుర్గ లోపలికి వచ్చి అన్నం వార్చింది. వార్చాక గిన్నె మీద మూత పెట్టేటప్పుడు, కాస్త గట్టిగానే పెట్టింది, కావాలనే. చిలక ఒక కన్ను సగం తెరిచి, ఆమేనని చూసుకుని, మళ్ళీ మూసుకుంది.